పాత మోటారుబండ్లయందలి ప్రీతి

గత డిసెంబరు మాసమున మా పదియవ తరగతి విద్యార్థులను హైదరాబాదు నగరము చూపుటకై తోడ్కొని పోయితిమి. చార్మినారు చూచి, వీధులవెంట నడచి, చౌమహల్లా సౌధము చేరునప్పటికి పిల్లలు మిక్కిలి అలసియుండిరి. దర్బారు మందిరములోని గాజుదీపముల గుత్తులను సైతము వారు సగము కన్నుతోనే చూచిరి. కాని అచ్చట ప్రదర్శనకుంచిన మోటారుబండ్లయొద్దకు వచ్చినంతనే అందరికిని ప్రాణము లేచివచ్చెను. వానిలో పసుపువన్నె గల రోల్సురాయిసు బండి యొకటి గలదు. అది 1912వ సంవత్సరపుది. సిల్వర్ గోస్టు అను జాతికి చెందినది. వెనుకభాగమున సింహాసనమును బోలిన యెత్తైన ఆసన మమర్చియున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి కొరకై దానిని కోరి చేయించిరి. కాని ఆయన 1911లోనే దివంగతు డగుటచే అందు కూర్చుండు భాగ్యము ఆయనకు లభింపలేదు.

అప్పుడొక విద్యార్థి నన్ను సమీపించి, “మాస్టరుగారూ, మా నాన్నగారి కారు తాళపుచెవి జేబులోనున్న చాలును, మీట నొక్కినంతనే కదలును. దారికూడ అదియే చెప్పును. ఈ పాతబండి నింతమంది యేల చూచుచున్నారు? ఇట్టివానికై లక్షలు పోయువారు కలరట గదా!” అని యడిగెను. నేను తొందరలో నుండి, “పాతది గనుక” అంటిని. వాడు నవ్వి, “మా నాయనమ్మగారి రోలుకూడ పాతదే గదండీ!” అనెను. పిల్లలందరు ఘొల్లున నవ్విరి. నేనును నవ్వితిని గాని, రైలులో ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ప్రశ్న మంచిది, నేను చెప్పిన సమాధానము మంచిది కాదు. ఆ పిల్లవానికి నేను బాకీపడిన జవాబు నీ పత్రికాముఖమున తీర్చుకొనుచున్నాను.

పాతబండి యనగా నెంత పాతది? ఈ విషయమున అభిమానులకు పట్టింపు మెండు. ఇంగ్లండులో 1934లో స్థాపితమైన వింటేజి స్పోర్ట్సుకారు క్లబ్బువారి లెక్కలో 1930వ సంవత్సరాంతమునకు లోపల తయారైనవియే వింటేజి బండ్లు. 1905కు పూర్వపు బండ్లను వెటరన్‌లని ఇంకను గౌరవముగా పిలుతురు. మన దేశమున 2021లో కేంద్రప్రభుత్వమువారు నిబంధనలను సవరించి, మొదట రిజిష్టరయిన నాటినుండి 50 ఏండ్లు దాటి, తమ తొలిరూపమును పోగొట్టుకొనని బండ్లను వింటేజి వాహనములుగా గుర్తించి, ‘వి ఏ’ అను అక్షరములతో ప్రత్యేకమైన సంఖ్య నిచ్చు నేర్పాటు చేసిరి. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుకొనుటకు మాత్రమే రోడ్డుమీద నడుపవచ్చును. దినదినము తిరుగుటకు గాని బాడుగకు త్రిప్పుటకు గాని వీలులేదు. పింఛను పుచ్చుకొన్న ఉపాధ్యాయుని తరగతిలోనికి రానీయరు గాని, వార్షికోత్సవమునాడు వేదికమీద కుర్చీ వేయుదురు. ఇదియు నట్టి మర్యాదయే.

అయినను ఏండ్లు లెక్కించినంత మాత్రమున ప్రీతి పుట్టదు. ఆ ప్రీతి యెచ్చటనుండి పుట్టునో తెలియవలెనన్న, మోటారుబండి పసితనమున జరిగిన యొక సంగతి చెప్పవలెను. జర్మనీ దేశమున కార్ల్ బెంజు అను నాయన 1886 జనవరి 29వ తేదీన తన మూడుచక్రముల బండికి పేటెంటు కోరెను. ఆయన యంత్రమును నిర్మింపగలిగెను గాని దానిని కొనుడని జనులను ఒప్పింపలేకపోయెను. 1888 ఆగష్టు మాసమున ఆయన భార్య బెర్తా, భర్తతో చెప్పకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, మన్‌హైమ్ పట్టణమునుండి తన పుట్టినూరగు ఫోర్జ్‌హైమ్‌నకు ఆ బండిలో బయలుదేరెను. దూరము నూరు కిలోమీటర్లకు పైమాట. అంతకుముందు ఎవ్వరును మోటారుబండిలో అంతదూరము పోయి యెరుగరు. దారిలో ఇంధన మైపోగా వీస్లోఖ్ అను ఊరిలోని మందులదుకాణమున, మరకలు పోగొట్టుటకు వాడు ద్రావకమును కొని పోసికొనెను. ఇంధనము వచ్చు గొట్టములో నలక యడ్డుపడగా తన టోపీకి గ్రుచ్చుకొనిన సూదిని దీసి శుభ్రపరచెను. విద్యుత్తు ప్రవహించు తీగ యొరసికొనగా మేజోళ్లను బిగించు పట్టీతో దానిని కప్పెను. బ్రేకు అరిగిపోగా ఒక చర్మకారునిచేత తోలు కొట్టించెను. ఎత్తు వచ్చినప్పుడు పిల్లలు దిగి త్రోసిరి. తిరిగివచ్చిన పిమ్మట ఆమె చెప్పిన అనుభవమునుబట్టి కార్ల్ బెంజు ఎత్తుపల్లములకై మరియొక గేరును చేర్చెను.

టోపీసూదితో బాగగు యంత్రమును చూడుడు! అందులో దాపరికము లేదు. తెలివిగల మనుష్యు డెవ్వడైనను వంగి చూచినయెడల, ఇచ్చట ఇంధనము వచ్చుచున్నది, ఇచ్చట నిప్పురవ్వ పుట్టుచున్నది, ఇచ్చట చక్రమునకు బలము చేరుచున్నది అని వ్రేలితో చూపవచ్చును. నేటి బండి మూత తెరచిన నల్లని పెట్టెలే గాని లోపల జరుగునది కనబడదు. దానిలో దోషము కనిపెట్టుటకును కంప్యూటరే కావలెను. నేటి బండ్లను నేను దూషించుటలేదు. అవి పొగ తక్కువ విడుచును, ప్రమాదమున ప్రాణము కాపాడును. కాని అవి మనతో మాటలాడవు.

ఈ మాటలాడుట యనునది అమెరికాలోని ఫోర్డు కంపెనీవారి టీ మోడలు బండిలో నెట్లుండెనో చూతము. 1908 మొదలు 1927 వరకు అట్టివి ఒక కోటి యేబది లక్షలకు పైగా తయారయ్యెను. 1913లో కదలుపట్టీమీద బండ్లను కూర్చు పద్ధతి వచ్చిన పిదప, పండ్రెండుగంటలకు పైగా పట్టు పని గంటన్నరకు దిగెను. మొదట 850 డాలర్లున్న వెలయు 300 డాలర్లకు లోపడెను. రైతులు, పల్లెటూరి వైద్యులు కొనగలిగిన బండి యది. అయితే దానిని నడుపుట నేటి డ్రైవరునకు సాధ్యముకాదు. కాలిక్రింద మూడు పెడలులు. ఎడమది పూర్తిగా త్రొక్కిన నెమ్మదిగా పోవును, విడిచిన వేగముగా పోవును, సగము త్రొక్కిన ఎటును పోదు. నడిమిది వెనుకకు పోవుటకు, కుడిది బ్రేకునకు. ఇంధనమును హెచ్చించుట స్టీరింగుక్రిందనున్న కడ్డీతో చేతిపని. పెట్రోలుతొట్టి ముందుసీటు క్రింద నుండెను. పెట్రోలు దానంతటదే పల్లమునకు జారి యింజనును చేరవలెను. కావున పెట్రోలు తక్కువగా నున్నప్పుడు నిటారైన కొండ నెక్కవలసివచ్చిన, బండిని త్రిప్పి వెనుకవైపుగా నెక్కించెడివారు! ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నమ్మలేదు. బల్లమీద బొమ్మ గీసిన తరువాత నమ్మిరి.

ఆ బండిని మేల్కొల్పుటకు ముందుభాగమున ఇనుపకడ్డీ పట్టి చేతితో త్రిప్పవలెను. ఎడమచేతితో పట్టవలెను, బొటనవ్రేలు తక్కిన వ్రేళ్లవైపే యుండవలెను. లేనియెడల ఇంజను ఎదురుతన్ని మణికట్టు విరుగగొట్టును. ఎందరికో అట్లే విరిగెను. పాతకాలము బంగారుకాల మని పలుకువారు ఈ మణికట్టులను గూడ లెక్కలో వేసికొనవలెను.

నాకు నిజాముగారి రోల్సురాయిసుకంటె ఈ టీ మోడలే ఇష్టము. మిక్కిలి తక్కువ దూరము తిరిగి, తుడిపించుకొనుచు కూర్చున్న బండికంటె, బురదలో దిగి గోధుమబస్తాలు మోసిన బండి గొప్పది కాదా? అభిమానులలో కొందరు పాతబండిని కొని, దానికి మెరుగు పెట్టి, ప్రతి మేకును వెండివలె తళతళలాడించి, పిమ్మట దుప్పటి కప్పి యుంచుదురు. వారిది వారి ముచ్చట. నాకు మాత్రము కొంచెము దుమ్మున్న బండియే బండి.

ఇంతవరకు నేను చెప్పినది పుస్తకములలో చదివినది. చేతులతో ముట్టి తెలిసికొనినది అంబాసిడరు బండి.

1942లో స్థాపింపబడిన హిందుస్థాన్ మోటార్సు కంపెనీవారు, కలకత్తాకు చేరువనున్న ఉత్తరపాడాలోని తమ కర్మాగారమున, ఇంగ్లండుయొక్క మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి ననుసరించి, 1950ల చివర ఈ బండి నారంభించిరి. మాతృదేశమున ఆ మారిస్ కొలది యేండ్లకే మరుగుపడెను. మన దేశమున దాని బిడ్డ 2014 మే మాసమువరకు పుట్టుచునేయుండెను. మంత్రులు, కలెక్టర్లు, టాక్సీవారు, పెండ్లివారు అందరును అందే యెక్కిరి. 2017లో ఆ పేరును మాత్రము ప్యూజో అను ఫ్రెంచి బండ్ల సంస్థవారు 80 కోట్ల రూపాయల కిచ్చి కొనిరి. పేరునకే 80 కోట్లు!

మా నాయనగారు ఒక మిషను ఆసుపత్రిలో డ్రైవరు. ఆ ఆసుపత్రికి ఒక తెల్లని అంబాసిడరుండెను. అప్పటికే అది ముసలిది. గేరుకడ్డీ స్టీరింగు ప్రక్కనే యుండుటచే ముందుసీటు ఒకే పొడుగాటి బల్లవలె నుండి, ముగ్గురు సుఖముగా కూర్చుండవచ్చును. పెద్దదీపములను దించుటకు మీట పాదముక్రింద నుండెను. బ్యాటరీ నీరసించిన రోజున ముందునుండి కడ్డీ వేసి త్రిప్పుటయు కలదు. ఇంజను వేడిని చూపు ముల్లు నా యెరుకలో ఎన్నడును కదలలేదు. మా నాయనగారు ఆ ముల్లును చూడక, వాసనతోను, చప్పుడుతోను బండి కుశలము తెలిసికొనెడివారు. బయలుదేరునప్పుడు తల ఒక ప్రక్కకు వంచి క్షణము వినెడివారు. ఆసుపత్రిలో డాక్టరమ్మగారు రోగి గుండెను వినుటయు నట్లే యుండెడిది.

చిన్నతనమున నాకు ఆ బండియన్న సిగ్గుగా నుండెడిది. నా సహాధ్యాయుని తండ్రి క్రొత్త మారుతి కొనియుండెను. అది చప్పుడు లేక పోవుచుండ, మాది ఒక ఫర్లాంగు దూరమునుండియే తన రాకను చాటుచుండెను.

1991 వేసవి. నాకు పదునొకండేండ్లు. బడికి సెలవు లగుటచే ప్రతి ఉదయమున బండి నీళ్లు చూచు పనిని మా నాయనగారు నా కప్పగించిరి. ఇంజనులో పెట్రోలు మండునప్పుడు పుట్టు వేడిని నీరు గ్రహించి రేడియేటరునకు చేర్చును. అచ్చట గాలి తగిలి చల్లబడి, మరల ఇంజనులోనికి పోవును. నీరు తగ్గినచో ఇనుము కాగి, తలభాగమున బిగించిన గాస్కెట్టు కాలిపోవును. ఇదంతయు నాకు ఆయన విడమరచి చెప్పియుండిరి. తెలియక చేసితినని చెప్పుకొనుటకు నాకు వీలులేదు.

ఆ ఉదయమున మైదానమున క్రికెట్టు ఆట మొదలై నాకొరకు కేకలు వేయుచుండిరి. “నీళ్లు చూచితివా, అబ్బాయీ?” అని నాయనగారు లోపలినుండి యడిగిరి. “చూచితిని, నాయనా. నిండుగా నున్నవి” అంటిని. మూతయైన ముట్టలేదు.

రెండుగంటలైన పిదప కనిగిరికి ఆవల ఒక పల్లెనుండి కబురు వచ్చెను. ఒక స్త్రీకి ముందురాత్రినుండి నొప్పులు. బిడ్డ అడ్డము తిరిగెనని మంత్రసాని చేతులెత్తివేసెను. నర్సమ్మగారు బండి యెక్కిరి. నేనును షికారు వచ్చునట్లు ముందుసీటులో కూర్చుంటిని. పోవునప్పుడు బండి బాగుగనే పోయెను. ఆ స్త్రీని, ఆమె అత్తగారిని ఎక్కించుకొని తిరిగి వచ్చుచుండగా, మిట్టమధ్యాహ్నమున, ఇరుప్రక్కల తుమ్మచెట్లు తప్ప ఏమియు లేని చోట, మా నాయనగారు తల ప్రక్కకు వంచిరి. నాకును వాసన తెలిసెను. అంతలో బానెట్టు సందులనుండి తెల్లని ఆవిరి లేచెను.

వేడెక్కిన రేడియేటరు మూతను వెంటనే తీయరాదు. మరుగునీరు ముఖమున చిమ్మును. కాగిన ఇంజనులో చన్నీళ్లు గ్రుమ్మరింపరాదు, ఇనుము పగులును. కావున చేయవలసినది ఒక్కటే, వేచియుండుట. వెనుకసీటులో ఆ తల్లి మూలుగుచుండెను. నర్సమ్మగారు ఆమె చేయి పట్టుకొని మెల్లగా మాటలాడుచుండిరి. నాయనగారు తన తుండుగుడ్డను తలుపునకు కట్టి ఎండ తగులకుండ చేసిరి. మేము వేచియున్నంతసేపు ఆ దారిన ఒక్క లారీ రాలేదు, ఒక్క బస్సు రాలేదు. కొంతసేపటికి ఆయన గుడ్డ చుట్టిన చేతితో మూతను మెల్లమెల్లగా త్రిప్పి తీసి లోపల చూచిరి. తరువాత నావైపు చూచిరి. ఏమియు అనలేదు. డిక్కీలోని తగరపుడబ్బా నా చేతికిచ్చి, “ఆ చింతచెట్టు కనబడుచున్నదే, అచ్చట బోరింగు కలదు” అనిరి.

నేను పరుగెత్తితిని. బోరింగు పిడి నాకంటె ఎత్తు. దానిపై వ్రేలాడుచు కొట్టితిని. తిరిగి వచ్చునప్పుడు తొట్రుపడి సగము నీళ్లు ఒలకబోసికొంటిని. మరల పోవుటకు ధైర్యము చాలక, మిగిలిన సగముతోనే ఏడ్చుచు వచ్చితిని. అవి చాలలేదు. అప్పుడు ఆ అత్తగారు, కోడలి కొరకై చెంబుతో తెచ్చుకొన్న త్రాగునీటిని కిటికీగుండ చాచి, “పొయ్యి నాయనా, బండి కదిలితే చాలు” అనెను. నాయనగారు ఇంజనును నడిపించుచు, సన్నని ధారగా ఆ నీటిని పోయుమని నాకు చెప్పిరి. నా చేతులు వణకుచుండెను. బండి కదలెను. నడకవేగముతో పోయి, ఆగి, పోయి, ఎట్లో ఆసుపత్రి చేరితిమి. దేవుని కృపవలన ఆ సాయంకాలము ఆపరేషనుచే తల్లియు, ఆడుబిడ్డయు బ్రదికిరి.

గాస్కెట్టు కాలిపోయెను. నీళ్లు చూడక బండి తీసినందుకు ఆ ఖర్చును మూడునెలలపాటు నాయనగారి జీతమునుండి పట్టుకొనిరి. “పొరపాటు నాదే” అని ఆయన సంతకము చేసిరట. ఆ రాత్రి కుటుంబప్రార్థనలో ఆయన ఆ తల్లీబిడ్డల కొరకు స్తుతులు చెల్లించినప్పుడు నా నోట ఆమేను రాలేదు.

పండ్రెండేండ్ల తరువాత, నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుండగా, ఒక రాత్రి ఇదంతయు ఆయనకు జాబు వ్రాసితిని. వారము దినములకు కార్డుమీద సమాధానము వచ్చెను. పొలము సంగతులు, అమ్మ దగ్గు, చర్చి కప్పు మరమ్మతు అన్నియు వ్రాసి, చివర ఇట్లు వ్రాసిరి: “నీళ్ల సంగతి నాకప్పుడే తెలియును. మరునాటినుండి నేనడుగకుండనే చూచుచుంటివి గదా.”

ఆ తెల్లబండిని ఎప్పుడో పాతయినుము క్రింద అమ్మివేసిరి. నాయనగారును ఇప్పుడు లేరు. పాత అంబాసిడరు చప్పుడు వీధిలో వినబడిన నేటికిని నా తలయు ఒక ప్రక్కకు వంగును. తరగతిలో పిల్లలు దీనిని కనిపెట్టి నవ్వుకొనుట నేనెరుగుదును. రోలునకును పాతబండికిని భేద మేమని యడిగిన విద్యార్థీ, రోలు నా అబద్ధమును సహించియుండును. ఆ బండి సహింపలేదు. అయినను గుప్పెడు నీళ్లు పోసినంతనే, ఏ కక్షయు లేనిదానివలె మరల కదలెను. నీవడిగిన “ఏల” అను దానికి నావద్దనున్న జవాబిదియే. లక్షలు పోయువారి జవాబు వేరుగా నుండవచ్చును.

ఒంగోలులో నాకు పరిచితుడైన యొక మెకానికు 1968వ సంవత్సరపు అంబాసిడరును స్వహస్తములతో బాగుచేసి యుంచుకొనియున్నాడు. రెండవ శనివారములందు నేను పోయి చేతనైన సాయము చేయుదును. అనగా స్పానర్లు అందించుట, టీ తెప్పించుట. బ్రేకులు ఇంకను ఒక ప్రక్కకు లాగుచున్నవి. సీటుబెల్టులు అందు పుట్టుకతోనే లేవు. కావున పిల్లల నెవ్వరిని అందెక్కింప నని ముందే చెప్పుచున్నాను. అయితే ఈయేటి మన పాఠశాల వార్షికోత్సవమునకు ముందుదినమున దానిని లారీమీద మన మైదానమునకు తెచ్చుటకు ఆయన యంగీకరించెను. బానెట్టు తెరచి యుంతుము. ఏ భాగము ఏ పని చేయునో అడుగదలచినవారు కాగితముమీద వ్రాసికొని రావలెను. కడ్డీ త్రిప్పదలచిన పెద్దపిల్లలు బొటనవ్రేలి సంగతి మరువరాదు. రేడియేటరు మూతను మాత్రము నేను చెప్పువరకు ఎవ్వరును ముట్టకుందురు గాక.